ఇంట్లో తథాస్తు దేవతలు



మా అమ్మమ్మది నల్గొండ జిల్లా. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు, సాయంత్రం దీపాలు పెట్టే వేళ హోంవర్క్ ముందేసుకుని "నాకు లెక్కలు రావు, నేను ఫెయిలే" అని గొణిగితే చాలు, వంటింట్లోంచి పరుగున వచ్చేది. "అట్ల అనకు బిడ్డా, పైన తథాస్తు దేవతలుంటరు" అనేది. వాళ్ళు సంధ్యవేళ ఆకాశంలో తిరుగుతూ కింద ఎవరు ఏమంటే దానికి 'తథాస్తు' అంటారట. మంచి మాటంటే మంచి జరుగుతుంది, చెడ్డ మాటంటే చెడ్డ. మీ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళు ఈ మాట అనే ఉంటారు.

ఆ నమ్మకమే ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోకి 'మానిఫెస్టేషన్' అనే కొత్త పేరుతో వచ్చింది. కావలసింది ఇప్పటికే దొరికేసినట్టు నమ్మాలి, దాన్నే రాయాలి, కళ్ళు మూసుకుని దాన్నే చూడాలి, అప్పుడు విశ్వం దాన్ని తెచ్చి చేతిలో పెడుతుంది అంటాయి ఆ రీల్స్. 2006లో వచ్చిన రోండా బర్న్ పుస్తకం 'ది సీక్రెట్' ఈ ఆలోచనను ప్రపంచమంతా తిప్పింది. మన దగ్గర 'యద్భావం తద్భవతి' అన్న మాట ఎన్నో తరాలుగా ఉంది. యండమూరి గారి 'విజయానికి ఐదు మెట్లు' కోఠీ ఫుట్‌పాత్ మీద కొనుక్కుని చదివినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. కాబట్టి తమను తాము మార్చుకోవాలని పిల్లలు ఆశపడటంలో వింతేమీ లేదు. అయితే ఈ ఏడాది నా క్లాసులో జరిగిన ఒక విషయం మీతో పంచుకోవాలనిపించింది.

తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ నోట్‌బుక్కులు దిద్దుతున్నాను. ఒక అబ్బాయి పుస్తకం వెనక పేజీలు తిరగేస్తే ఒకే వాక్యం వరుసగా కనిపించింది. 'ఐ యామ్ యాన్ ఐఐటీయన్.' ప్రతి తేదీ కింద పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు. ఇది '369 మెథడ్' అట. దీనికి శాస్త్రవేత్త నికోలా టెస్లా పేరు కూడా తగిలించి తిప్పుతున్నారు. గ్రామర్ తప్పు లేదు, 'యాన్' సరిగ్గానే పెట్టాడు. నాకు ముచ్చటేసింది. నవ్వుకుని పుస్తకం మూసేశాను.

మూడు వారాల తర్వాత అదే పుస్తకం మళ్ళీ నా చేతికి వచ్చింది. వెనక పేజీలు చింపేసి ఉన్నాయి. ఆ సోమవారమే వీకెండ్ టెస్ట్ ర్యాంక్ షీట్ వచ్చింది. వాడి పేరు చాలా కిందికి పోయింది. లంచ్ అయ్యాక స్టాఫ్‌రూమ్‌కి పిలిచి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మధ్యలో నేను డౌట్ పడ్డా మేడమ్. అందుకే పనిచేయలేదు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మార్కులు తగ్గితే పిల్లలు మామూలుగా ఏమంటారు? పేపర్ టఫ్‌గా వచ్చింది, టైం సరిపోలేదు, ఆ చాప్టర్ చదవలేదు అంటారు. ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. చదవని చాప్టర్ వచ్చేవారం చదువుకోవచ్చు. వీడు మాత్రం తన మనసులోకి వచ్చిన ఒక అనుమానాన్ని తన నేరంగా లెక్క వేసుకున్నాడు. మనసులోకి అనుమానం రాకుండా పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఎలా ఆపగలడు? మనమైనా ఆపగలమా? (ఆ అబ్బాయిని, వాళ్ళ అమ్మానాన్నలను అడిగాకే ఇది రాస్తున్నాను. పేరు, సెక్షన్ చెప్పను.)

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలు తమను తాము నమ్మాలి. అందులో రెండో మాట లేదు. కానీ తమ గురించి ఏమని నమ్ముతున్నారో మనం చూడాలి. ఇంకొకరు ఇవ్వాల్సిన ఫలితాన్ని పిల్లవాడు తన పేరుగా పెట్టుకుంటే, ఆ ఫలితం రాని రోజున వాడికి పేరే మిగలదు. రోజూ తను చేసే పనిని తన పేరుగా పెట్టుకుంటే, ఏ రిజల్ట్ వచ్చినా మర్నాడు పొద్దున లేచి తను ఎవరో వాడికి తెలుస్తుంది.

ఇది నాకు పుస్తకాల కంటే ముందు అనుభవంలోనే తెలిసింది. బి.ఎడ్. అయ్యాక నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉన్నాను. మెట్రో దిగితే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే కనిపించే ఆ ఏరియా మీకు తెలిసిందే. పగలు ఒక చిన్న స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని, సాయంత్రం డీఎస్సీ కోచింగ్‌కి వెళ్ళేదాన్ని. రూములో నలుగురం. నాలుగు అల్మారాల తలుపుల మీద నాలుగు పసుపు చీటీలు. ఒకమ్మాయిది 'గ్రూప్-2 ఆఫీసర్', ఒకమ్మాయిది 'ఎస్ఐ', ఇంకొకమ్మాయిది 'బ్యాంక్ పీవో'. నాది 'నేను గవర్నమెంట్ టీచర్‌ని'. రోజూ పొద్దున అద్దంలో చూసుకుంటూ ఆ మాట అనుకుని బయటపడేదాన్ని. కాబట్టి మా అబ్బాయి నోట్‌బుక్ చూసి నవ్వే అర్హత నాకు అసలు లేదు.

2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ఉన్నాయి. రెండు లక్షల మందికి పైగా పరీక్ష రాశాం. సెప్టెంబర్ 30న రిజల్ట్స్ వచ్చాయి. నా ర్యాంకు చూసుకున్నాను. ఆ ర్యాంకుకు మా జిల్లాలో పోస్టు రాదని అర్థమైపోయింది. ఆ రాత్రి అల్మారా తలుపు తెరవడానికి కూడా చేయి రాలేదు. చీటీ మీద రాసింది నేను కాదని తేలిపోయింది కదా, మరి నేనెవరు అన్నది తెలియలేదు. "ఇంకా గట్టిగా నమ్మాల్సిందేమో" అని నేను కూడా అనుకున్నాను. మా అబ్బాయి అన్న మాటే.

మర్నాడు దసరా సెలవుల ముందు స్కూల్లో బతుకమ్మ సంబరాలు. వెళ్ళక తప్పలేదు. తంగేడు, గునుగు పూలు పేరుస్తుంటే ఆరో తరగతి పాప ఒకతి వచ్చి పక్కన కూర్చుంది. "మేడమ్, సెలవుల్లో స్టోరీ రాసుకుని రమ్మన్నారు కదా, దయ్యం స్టోరీ రాయొచ్చా?" అని అడిగింది. రాయొచ్చన్నాను. దయ్యం ఎందుకు దయ్యమైందో కూడా రాయమన్నాను. ఇద్దరం పది నిమిషాలు దాని గురించే మాట్లాడుకున్నాం. నేను ఏ లిస్టులో ఉన్నానో ఆ పాపకు అక్కర్లేదు. తన కథ వినే టీచర్ కావాలి, అంతే.

హాస్టల్‌కి తిరిగి వచ్చి ఆ చీటీ మళ్ళీ చదివాను. అందులో 'గవర్నమెంట్' అన్న మాట ప్రభుత్వం ఇవ్వాల్సింది. 'టీచర్' అన్న మాట నేను రోజూ చేస్తున్నది. నా చేతిలో లేని మాటను రోజూ జపం చేస్తూ, నా చేతిలో ఉన్న మాటను పట్టించుకోలేదు. (మళ్ళీ డీఎస్సీ రాస్తారా అని అడగొద్దు. ఈ పేజీ మా ప్రిన్సిపాల్ గారు కూడా చదువుతారు.)

ఆ తర్వాత ఈ విషయం మీద కొంచెం చదివాను. బి.ఎడ్. సైకాలజీ పేపర్‌లో మార్కుల కోసం చదివిన ఆల్బర్ట్ బందూరా మళ్ళీ గుర్తొచ్చారు. 'నేను ఈ పని చేయగలను' అన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందని 1977లో ఆయన రాశారు. ఆయన చెప్పినవాటిలో ఎదుటివాళ్ళ ప్రోత్సాహపు మాటలు కూడా ఉన్నాయి. అయితే అన్నిటికంటే గట్టి ఆధారం, మనం స్వయంగా ఒక పని చేసి నెగ్గుకొచ్చిన అనుభవం. నమ్మకం ముందు, పని తర్వాత అని రీల్స్ చెబుతాయి. చిన్న పని ఒకటి పూర్తయితే నమ్మకం కొంచెం పుడుతుంది, ఆ కొంచెంతో ఇంకాస్త పెద్ద పని చేస్తాం అని బందూరా చెబుతారు.

ఊహించుకోవడం మీద కూడా పరిశోధన ఉంది. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం ప్రచురించారు. పరీక్షకు ముందు కొన్ని రోజులు కొందరిని మంచి గ్రేడ్ వచ్చినట్టు ఊహించుకోమన్నారు. ఇంకొందరిని ఎక్కడ కూర్చుని, ఏ పుస్తకం తెరిచి, ఎలా చదువుతారో ఊహించుకోమన్నారు. చదవడాన్ని ఊహించుకున్నవాళ్ళు ఎక్కువ చదివారు, మంచి మార్కులు తెచ్చుకున్నారు. వాళ్ళకు పరీక్ష ముందు ఆందోళన కూడా తగ్గింది. ఊహ పనిచేసింది. ఫలితం మీద కాకుండా దారి మీద పెట్టిన ఊహ పనిచేసింది.

ఇంకొకటి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 2009లో కెనడాలో జోయాన్ వుడ్ అనే ప్రొఫెసర్, ఆమె సహచరులు కొంతమందితో 'నేను ప్రేమించదగిన మనిషిని' అన్న అర్థం వచ్చే వాక్యాన్ని పదే పదే అనిపించారు. తమ మీద తమకు ముందే గౌరవం ఉన్నవాళ్ళకు కొంచెం మేలు జరిగింది. తమను తాము తక్కువగా చూసుకునేవాళ్ళకు మాత్రం ఆ వాక్యం అన్నాక మనసు ఇంకా కుంగింది. లోపల నమ్మని మాటను పైకి అంటుంటే, లోపలి గొంతు 'కాదు, కాదు' అని ఎదురు చెబుతుంది కాబోలు. అంటే ఈ మంత్రం ఎవరికి ఎక్కువ అవసరమని మనం అనుకుంటామో, వాళ్ళకే అది ఎక్కువ దెబ్బ తీయవచ్చు.

ఇక లెక్క సంగతి. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షలకు పైనే. ఆ ఏడాది దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. దాదాపు 80 మందికి ఒక సీటు. ఆ 80 మంది పిల్లలూ రోజుకు పద్దెనిమిదిసార్లు 'ఐ యామ్ యాన్ ఐఐటీయన్' అని నిండు నమ్మకంతో రాసినా 79 మందికి సీటు రాదు. సీట్ల సంఖ్య నమ్మకాన్ని బట్టి పెరగదు. పిల్లలు పెద్ద కలలు కనొద్దని నేను అనడం లేదు. ప్రయత్నించాలి, బాగా ప్రయత్నించాలి. కానీ ఆ 79 మంది మర్నాడు పొద్దున ఏ పేరుతో నిద్ర లేస్తారు? వాళ్ళలో మన పిల్లలు ఉండొచ్చు కదా.

పేరు మార్చి, నమ్మకం పెంచి, నిజంగా పిల్లల జీవితాలు మార్చిన ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉంది. అది మనలాంటి ఫీజులు కట్టే స్కూల్లో జరగలేదు. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో జరిగింది. ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ గారు 2012లో ఆ గురుకులాల సంస్థకు కార్యదర్శిగా వచ్చారు. అక్కడి పిల్లలను బయట 'హాస్టల్ పిల్లలు' అని చిన్నచూపు చూసేవారు. వాళ్ళకు 'స్వేరో' అనే కొత్త పేరు వచ్చింది. అందులో మొదటి భాగం సోషల్ వెల్ఫేర్ అన్న ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాల నుంచి, రెండోది ఆకాశం అన్న అర్థంతో వచ్చాయి. ఆ పిల్లలకు పది ప్రతిజ్ఞలు ఉన్నాయి. నేను ఎవరికీ తీసిపోను అన్న భావంతో మొదలై, ఎప్పుడూ వదిలిపెట్టను అన్న భావంతో ముగుస్తాయి. ఆయన తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళారు. దాని గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. నేను మాట్లాడుతున్నది ఆ పేరు గురించి.

ఆ గురుకులాల నుంచే మాలావత్ పూర్ణ వచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో ఒక గిరిజన కుటుంబం ఆమెది, తాడ్వాయి గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి ఎనిమిది రోజుల ముందు, ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన అతి చిన్న వయసు అమ్మాయి ఆమే. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు ఎక్కాడు. 2017లో రాహుల్ బోస్ తీసిన 'పూర్ణ' సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. 2022 నాటికి ఆమె ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది.

రీల్స్‌లో చెబితే ఈ కథ రెండు ముక్కల్లో అయిపోతుంది: నమ్మింది, ఎక్కింది. అసలు దారి మన పక్కనుంచే పోతుంది. ఎల్బీ నగర్ నుంచి ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డెక్కితే గంటా గంటన్నరలో భువనగిరి వస్తుంది. యాదగిరిగుట్టకు వెళ్ళేటప్పుడు ఆ ఏకశిల గుట్టను, దాని మీది కోటను మీరు చూసే ఉంటారు. వందమందికి పైగా గురుకుల పిల్లలకు మొదటి శిక్షణ ఆ బండ మీదే మొదలైంది. పర్వతారోహకుడు శేఖర్ బాబు గారు నేర్పించారు. అక్కడ నిలబడినవాళ్ళలో కొందరు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళారు. వాళ్ళలో ఇంకా కొందరు చలికాలంలో లద్దాఖ్ వెళ్ళారు. చివరికి ఇద్దరు ఎవరెస్ట్‌కు వెళ్ళారు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ళ లోపు వాళ్ళను ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. బండ ఎక్కాక కొండ, కొండ ఎక్కాక మంచు. ప్రతి మెట్టు దగ్గర 'నేను ఎక్కగలను' అనడానికి కింది మెట్టు సాక్ష్యంగా ఉంది. బందూరా పుస్తకంలో చెప్పింది ఆ పిల్లలు కాళ్ళతో చేసి చూపించారు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఎవరెస్ట్ కాదు. భువనగిరి నుంచి వెనక్కి వచ్చేసిన మిగతా వందమంది సంగతి. వాళ్ళు ఎవరెస్ట్ ఎక్కలేదు. కానీ స్వేరోలు కాకుండా పోలేదు. ఆ పేరు ఎవరెస్ట్ ఎక్కితేనే ఇస్తామన్న పేరు కాదు. బండ ఎక్కి చూసినవాళ్ళది, భయపడినవాళ్ళది, కింద పడి లేచినవాళ్ళది కూడా. అందుకే ఆ పేరు పిల్లలను పైకి లేపింది, కిందికి వచ్చినప్పుడు పట్టుకుంది. మనం మన పిల్లలకు ఇస్తున్న పేర్లు అలా పట్టుకుంటున్నాయా?

మన ఇళ్ళల్లో ముద్దుగా పెట్టే పేర్లు గుర్తు చేసుకోండి. "మా డాక్టరమ్మ", "మా కలెక్టర్ గారు", "మా ఐఐటీయన్". ప్రేమతోనే అంటాం. చుట్టాలు వచ్చినప్పుడు గర్వంగా అంటాం. రెండో రకం పేర్లు కూడా ఉన్నాయి. పీటీఎంలో పిల్లవాడు పక్కనే నిలబడి ఉండగా "మావాడికి మ్యాథ్స్ రాదు మేడమ్, వీడంతే", "ఇది మొద్దు, వాళ్ళ అక్క అలా కాదు" అంటాం. తథాస్తు దేవతలు ఆకాశంలో ఉన్నారో లేదో నాకు తెలియదు. పిల్లల విషయంలో మాత్రం వాళ్ళు ఇంట్లోనే ఉంటారు. మీరు అన్న మాటకు పిల్లవాడు లోపల 'తథాస్తు' అనేసుకుంటాడు. మీ ఇద్దరికంటే పెద్ద సాక్షులు వాడికి ఎవరున్నారు?

పేరు పెట్టడంలో ఎంత బలం ఉందో, ఎంత ప్రమాదం ఉందో చూపించిన రెండు పరిశోధనలు చెబుతాను. 2014లో అమెరికాలో క్రిస్టఫర్ బ్రయాన్, ఆయన సహచరులు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలను చూశారు. 'సాయం చెయ్యి' అన్నప్పటి కంటే 'నువ్వు హెల్పర్‌వి' అన్న పేరుతో అడిగినప్పుడు పిల్లలు ఎక్కువ సాయం చేశారు. పేరు అంటే వాళ్ళకు అంత ఇష్టం. కొన్నేళ్ళ తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో అడుగు వేసి చూశారు. సాయం చేయబోయి పిల్లలు ఏదో పొరపాటు చేస్తే ఏమవుతుంది? అప్పుడు 'హెల్పర్' అన్న పేరు పెట్టుకున్న పిల్లలే ఎక్కువ డీలాపడ్డారు. పని తప్పితే పని ఒక్కటే తప్పుతుంది. పేరు తప్పితే నేనే తప్పు అనిపిస్తుంది.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక అమ్మాయిని క్లాసులో 'మై టాపర్' అని పిలిచేదాన్ని. ఒక స్లిప్ టెస్ట్‌లో ఆమె ఆరో స్థానానికి వచ్చింది. రెండు రోజులు ఆ పిల్ల నా వైపు చూడలేదు. మార్కులు తగ్గినందుకు కాదు, నేను ఇచ్చిన పేరు పోయినందుకు. ఇప్పుడు ఆమెను పేరు పెట్టే పిలుస్తున్నాను.

మరి ఇంట్లో ఏం చేయొచ్చు? పెద్ద పనులేమీ కాదు. 'మ్యాథ్స్ రాదు' అనే చోట 'ఇంకా రాలేదు' అనండి. 'రాదు' అంటే తలుపు మూసేసినట్టు. 'ఇంకా రాలేదు' అంటే దారిలో ఉన్నట్టు. 'మా డాక్టరమ్మ' అనే చోట "అర్థం కాకపోతే వదలకుండా అడుగుతుంది మా అమ్మాయి" అని చుట్టాల ముందు చెప్పి చూడండి. అది నిజమైన రోజు చూసుకుని చెప్పండి. పిల్లలకు అబద్ధపు పొగడ్త ఇట్టే తెలిసిపోతుంది.

రెండోది, కలలు మానిపించొద్దు. మీ అమ్మాయి ఐఐటీ అన్నా, నీట్ అన్నా, క్రికెట్ అన్నా, "సరే, దానికి ఈ రోజు రాత్రి ఏ పని, ఎక్కడ కూర్చుని, ఎన్ని గంటలకు చేస్తావు?" అని ఒక్క ప్రశ్న కలపండి. కళ్ళు మూసుకుని ఊహించుకోవడం ఇష్టమైతే ర్యాంక్ కార్డుకు బదులు ఆ కుర్చీని, ఆ పుస్తకాన్ని, మొదటి లెక్కను ఊహించుకోమనండి.

మూడోది, దెబ్బ తిన్న రోజు జాంబవంతుడి పని చేయండి. సముద్రం ఒడ్డున హనుమంతుడు మాట్లాడకుండా ఒక పక్కన కూర్చుంటే జాంబవంతుడు ఆయన బలం ఆయనకు గుర్తుచేశాడు. ఎలా గుర్తుచేశాడో చూడండి. 'దాటేసినట్టు ఊహించుకో' అనలేదు. చిన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన సంగతి చెప్పాడు. అంటే అంతకుముందు చేసినదాన్ని చూపించాడు. మీ పిల్లలు గతంలో చేసిన పనులు మీకు తెలిసినంతగా వాళ్ళకు గుర్తుండవు. "సైకిల్ నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లు పడ్డావో గుర్తుందా?" అని మీరు అడగగలరు. ఏ రీల్ అడగలేదు.

స్కూలుగా మా వంతు కూడా ఉంది. గేటు పక్కన ఫ్లెక్సీ మీద ర్యాంకులు, ఫొటోలే వేసుకుంటాం. పిల్లలు రోజూ దాని కింద నుంచే లోపలికి వస్తారు. ఎవరి ఫొటో పైన ఉందో చూస్తూ వస్తారు. ర్యాంకు వచ్చినవాళ్ళను అభినందించడం తప్పు కాదు. కానీ బడి ఇచ్చే పేరు అదొక్కటే అయితే మిగతా పిల్లలకు పేరు ఎవరు ఇస్తారు? ఈ విషయం స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. కనీసం నా క్లాసు నోటీస్ బోర్డు మీద ర్యాంక్ షీట్ పక్కన ఇంకో కాగితం పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆ వారం తప్పిన లెక్కను, తప్పిన వాక్యాన్ని మళ్ళీ చేసి సరిచేసుకున్నవాళ్ళు తమ పేరు తామే దాని మీద రాసుకుంటారు. ఇప్పటికి ఆ కాగితం రెండుసార్లు నిండింది.

ఇక మా అబ్బాయి సంగతి. పేజీలు చింపేసిన ఆ నోట్‌బుక్‌లోనే వెనక నుంచి మళ్ళీ రాయమన్నాను. ఒక్క షరతు పెట్టాను. 'ఐ యామ్' అని మొదలుపెట్టొద్దు, 'టుడే ఐ' అని మొదలుపెట్టు, వెర్బ్ పాస్ట్ టెన్స్‌లో ఉండాలి అన్నాను. ఇంగ్లిష్ టీచర్‌ని కదా, గ్రామర్ వదులుకోలేను. మొదటి రోజు రాసింది: ఈ రోజు నేను ట్రిగనామెట్రీ లెక్క ఒకటి మూడుసార్లు చేశాను. రెండో రోజు: ఈ రోజు ఏమీ చేయలేదు. దాన్ని కూడా దిద్ది టిక్ పెట్టాను. నిజం రాశాడు కదా.

ర్యాంక్ షీట్‌లో వాడు ఇప్పటికీ మధ్యలోనే ఉన్నాడు. అద్భుతం ఏమీ జరగలేదు. ఐఐటీ కల కూడా వదల్లేదు, వదలమని నేను చెప్పలేదు. పోయిన వారం టెస్ట్‌లో మళ్ళీ మార్కులు తగ్గాయి. ఈసారి స్టాఫ్‌రూమ్‌కి తనే వచ్చాడు. "మేడమ్, ఆ చాప్టర్ నేను సరిగ్గా చదవలేదు. శనివారం ఒకసారి మళ్ళీ చెప్తారా మ్యాథ్స్ సార్‌ని అడగొచ్చా?" అన్నాడు.

డౌట్ పడ్డానన్న మాట రాలేదు. చదవలేదన్న మాట వచ్చింది. నాకు చాలు.

— తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ (ఇంగ్లిష్), ఎల్బీ నగర్ బ్రాంచ్